మావయ్యగారి తాబేలు

షుగరు వచ్చింది నాకు. నడక మొదలుపెట్టింది మా మావయ్యగారు.

రోజూ కాసేపు నడవమన్నారు డాక్టరుగారు అని ఇంటికొచ్చి చెప్తే, మా వారు ఫోన్లోంచి తలెత్తకుండా "కాలవ గట్టుంది కదా, నడువు" అన్నారు. రొయ్యల మేత అమ్మే మనిషి ఆయన. ఇంట్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆయన మాత్రం ఎక్కడో ఒక చెరువు గట్టు మీద ఉంటారు. మావయ్యగారు పడక్కుర్చీలోంచి లేచి, "కాలవ గట్టెందుకమ్మా, కంపు. శనివారం శనివారం సముద్రానికి పోదాం. నేనూ వస్తాను" అన్నారు. ఒక్కదాన్నీ ప్రశాంతంగా నడుచుకుందామనుకున్న నాకు గుండె గుభేలుమంది.

అప్పటికి నా పెళ్ళై చాలా ఏళ్ళైనా మా ఇద్దరి మధ్యా పెద్దగా మాటల్లేవు. ఆయన డ్రాయింగు మేస్టారుగా రిటైరయ్యారు. కూర ముందు పెడితే అది ఏ ఎరుపో చెప్పేవారు గానీ బాగుందో లేదో చెప్పేవారు కాదు. అత్తయ్యగారు పోయాక ఆ కాస్త మాటలూ తగ్గిపోయాయి. నేను చూస్తే వాగుడుకాయని. కాలేజీ ఆఫీసులో రోజంతా పిల్లలతో అరిచి అరిచి వచ్చి, ఇంట్లో కూడా అదే గొంతుతో మాట్లాడతానని ఆయనకి విసుగు. ఇలాంటి ఇద్దరం కలిసి ఏం నడుస్తాం అనుకున్నాను.

చీకటుండగానే నరసాపురంలో బయల్దేరేవాళ్ళం. నా స్కూటీ వెనకాల ఆయన రెండు కాళ్ళూ ఒక పక్కకి వేసుకుని కూర్చునేవారు. పంచె కదా మరి! చలికి మఫ్లరు చుట్టుకుని, ఒక చేత్తో నా సీటు పట్టుకుని, ఇంకో చేత్తో అరటిపళ్ళ సంచీ. కొబ్బరితోటలు దాటితే రొయ్యల చెరువులు, వాటిలో గిరగిరా తిరిగే ఏరియేటర్ల మోత. అవి దాటాక ఊరి చివర టీ బడ్డీ. అక్కడ బండి పెట్టేసి నడిచేవాళ్ళం.

ఆ దారి మీకు ఏ మ్యాపులోనూ దొరకదు. సరుగుడు తోటలోంచి మనుషులు నడిచి నడిచి పడిన కాలిబాట అది. రాలిన సరుగుడు ఆకు మీద అడుగేస్తే చప్పుడే ఉండదు. తోట దాటితే ఉప్పుటేరు, దాని ఒడ్డున మడచెట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వాటి వేర్లు. ఏటి పక్కనే పోతే చివరికి మొగ వస్తుంది, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కణ్ణుంచి కనుచూపు మేరంతా ఇసక, బాలబంద తీగెలు, మొగలి పొదలు. మనిషనేవాడు ఉండడు.

మొదటి వారం నేను ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాను. మొగ దగ్గర ఇసకంతా ఎర్రగా ఉంది. ఏంటా అని దగ్గరికెళ్ళేసరికి ఆ ఎరుపంతా ఒక్కసారిగా మాయమైపోయింది. పీతలట! మా అడుగుల అదురుకి బొరియల్లోకి దూరిపోయాయి. "అయ్యో పోయాయండీ" అని నేను కేక పెడితే ఆయన నడక ఆపి, "నువ్వు కాసేపు నోరు మూసుకుని నుంచుంటే అవే వస్తాయమ్మా" అన్నారు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ కోపంలోనే బిగుసుకుని నుంచున్నాను. ఒకటి కన్నులు బయటపెట్టింది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే మా కాళ్ళ చుట్టూ ఇసకంతా మళ్ళీ ఎర్రబడిపోయింది. "ఇదేం ఎరుపు?" అని అడిగారు. "గురివింద గింజ... కాదండీ, కొత్త ఇటుక" అన్నాను. ఆయన నవ్వారు. నా మాటకి ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత నాకు శనివారం ఎప్పుడొస్తుందా అని ఉండేది. ఆదివారమైతే ఎటూ చర్చికే పోవాలి. శనివారం మాత్రం మాది. అలల వెనకాలే పరిగెట్టి, అల తిరిగొస్తుంటే మళ్ళీ ఒడ్డుకి పరిగెట్టే ఉల్లంకి పిట్టలు. బురదలో గెంతే చేపలు. కర్ర మీద కూర్చుని, మమ్మల్ని పట్టించుకోకుండా నీళ్ళలోకి ఉరికే లకుముకి. ఒకసారి ఏటి ఒడ్డున నీటికుక్కల సంసారం మొత్తాన్ని చూశాం. తల్లి చేపని నోట కరుచుకుని వస్తుంటే పిల్లలు దాని మీద పడి కొట్లాట. అచ్చం మా ఇంట్లో సెలవుల్లో పిల్లలు చేరితే అయ్యే గోలే. ఇంటికొచ్చి సంబరంగా చెప్తే మా వారు, "అవి చెరువుల్లో పడి చేపలన్నీ దొంగిలిస్తాయి, వాటిని చూసి మురిసిపోయారా?" అన్నారు. మావయ్యగారు నాకేసి చూసి కన్ను గీటారు. కొడుకు మీద కోడలికి కన్ను గీటే మావగారిని మీరెక్కడైనా చూశారా?

ఆ కళ్ళ సంగతి చెప్పాలి. ఆయనకి నీటికాసులు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కన్ను నాలుగు పక్కలనుంచీ మూసుకొస్తోంది. మంచి వెలుగులో ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనిపించదు. మసక వెలుగైతే అసలేమీ కనిపించదు. చుక్కలు వేసుకుంటుంటే ఇంకొంత కాలం నిలుస్తుంది గానీ ఎంతకాలమో చెప్పలేమని డాక్టరు చెప్పేశారు. ఈ విషయం ఆయన నాతో బడ్డీ దగ్గర టీ తాగుతూ, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పారు.

"ఒక్కటే ఉందమ్మా చూడాల్సింది" అన్నారు. "సముద్రపు తాబేలు గుడ్లు పెట్టడం. సర్వీసంతా ప్రతి బడి గోడ మీదా ఆ బొమ్మ వేశాను. పుస్తకంలో చూసి వేసిందే. సముద్రం పక్కనే పుట్టి ఒక్కసారి కూడా చూడలేదంటే ఎంత సిగ్గు! ఈ కన్ను ఉండగా చూస్తే చాలు."

మాకు తెలిసిన చిక్కేంటంటే, చలికాలంలో గుడ్లకొచ్చే తాబేళ్ళు చీకట్లో వచ్చి చీకట్లోనే వెళ్ళిపోతాయి. చీకట్లో ఆయనకి ఏనుగు ఎదురుగా నిలబడ్డా తెలియదు. ఎప్పుడో ఒకటీ అరా ఆలస్యంగా, తెల్లవారుతుండగా వస్తాయని జాలరి ఆడవాళ్ళు చెప్పారు. అలాంటిది దొరకాలి. పనిగట్టుకుని పొద్దున్నే వచ్చే బద్ధకపు తాబేలు కావాలన్నమాట మాకు.

ఏళ్ళ తరబడి వెతికాం. చలికాలమొస్తే చాలు, శనివారాలు సరిపోక నేను సెలవులు కూడా పెట్టేదాన్ని. నీళ్ళ దగ్గరనుంచి పైకి ట్రాక్టరు టైరు నడిచినట్టు జాడలు కనిపించేవి. అప్పటికే వచ్చి వెళ్ళిపోయి ఉండేది. కుక్కలు తవ్విన గుంటల పక్కన గుడ్డు పెంకులు కనిపించేవి. వలల్లో పడి ఊపిరాడక చచ్చి ఒడ్డుకొచ్చినవీ కనిపించేవి. వాటి దగ్గర ఆయన చాలాసేపు నుంచునేవారు. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "రండి మావయ్యగారూ, ఎండెక్కుతోంది" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. బతికున్నది మాత్రం కనిపించలేదు. ఏటికేడూ ఆ కుడి కన్ను ఇరుకైపోతోంది. బాటలో వేర్లకి తన్నుకుంటున్నారు. పీతలు ఎర్రగా ఉన్నాయంటే అటుకాకుండా ఇటు చూస్తున్నారు. నాకు కంగారు పుట్టింది. ఆయనకి లేదో, ఉన్నా చెప్పలేదో.

ఆ ఏడు మాఘమాసంలో తీర్థం రోజుల్లో వెళ్ళాం. సముద్రస్నానాలకని ఊళ్ళనుంచి జనం వస్తారని తెలుసు గానీ, మొగ దాకా ఎవరూ రారులే అనుకున్నాం. ఆ రోజు మంచు పల్చగా ఉంది. తూర్పున అప్పుడే తెల్లబడుతోంది. మొగ దాటి కొంచెం పోయామో లేదో నీళ్ళలోంచి నల్లగా ఒక గుట్ట పైకి జరగడం చూశాను.

"మావయ్యగారూ! వచ్చిందండీ! వచ్చేసింది!"

"ఎటు?" అన్నారు. మెడ పట్టుకుని తిప్పాను. మావగారి మెడని అలా పట్టుకోవచ్చా లేదా అని కూడా తోచలేదు. "కొంచెం వెలుగు రానీ, కనిపిస్తుంది. కదలకు" అన్నారు. ఇంకాసేపటికి ఎండ పొడ వస్తుంది. తాబేలు నెమ్మదిగా ఇసక ఎక్కుతోంది. సరిగ్గా ఆయన కోరుకున్న తాబేలు, సరిగ్గా ఆయన కోరుకున్న వేళ.

అప్పుడే ఇసక గట్టు అవతలనుంచి ఆడవాళ్ళ గోల వినిపించింది. తణుకు దగ్గర ఏదో ఊరినుంచి వ్యానులో వచ్చారట. తీర్థంలో స్నానాల దగ్గర జనం ఎక్కువై, ఖాళీ చోటు వెతుక్కుంటూ ఇటొచ్చారు. తడి బట్టల్లో ఉన్నారు. చేతుల్లో పసుపూ కుంకాలూ, కొబ్బరికాయలూ. తాబేలుని చూడగానే ముందున్న పెద్దావిడ రెండు చేతులూ ఎత్తి, "కూర్మావతారమర్రా! సామి ఎదురొచ్చాడు! మన స్నానం ఫలించింది!" అని ఇసకలో సాష్టాంగపడిపోయింది. ఇంకేముంది, చుట్టుముట్టేశారు. ఒకావిడ దాని డిప్ప మీద పసుపు పూసింది. ఒకావిడ బొట్టు పెట్టింది. ఇంకొకావిడ దాని మొహానికి ఎదురుగా కర్పూరం వెలిగించింది.

నేను ఒక్క పరుగు తీయబోయాను. మావయ్యగారు చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"వద్దమ్మా. పూజ చేసుకుంటున్నారు."

"ఏంటండీ మీరు! వెనక్కి వెళ్ళిపోతుందండీ అది! మళ్ళీ ఎప్పుడొస్తుంది!"

"మనం ప్రార్థనలో ఉండగా ఎవరైనా వచ్చి ఆపండి అని అరిస్తే ఎలా ఉంటుంది మనకి? హారతి అవ్వనీ. చెబుదాం."

ఆయన చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నుంచున్నారు. నేను పక్కన పళ్ళు నూరుకుంటూ నుంచున్నాను. ఆ ఓపికకి అప్పుడు నేను దణ్ణం పెట్టలేదు, తిట్టుకున్నాను. కర్పూరం వెలుగుకి తాబేలు మొహం పక్కకి తిప్పుకుంది. కాళ్ళతో ఇసకని నెట్టుకుంటూ వెనక్కి తిరిగింది. వాళ్ళు గోవిందా గోవిందా అంటూ దారిచ్చారు. ఒక అల వచ్చింది, ఇంకో అల వచ్చింది, అంతే. సూర్యుడు పైకొచ్చేసరికి ఒడ్డు మీద పసుపు నీళ్ళు తప్ప ఏమీ లేదు.

పెద్దావిడ మా దగ్గరికొచ్చి కొబ్బరి ముక్క పెట్టింది. ఆయన కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు. నాకేసి వంగి, "పాస్టరుగారితో అనకు" అన్నారు మెల్లిగా. తర్వాత ఆవిడతో, చిన్నపిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పారు.

"అమ్మా, అది దారి తప్పి రాలేదు. గుడ్లు పెట్టుకోవడానికి వచ్చింది. ఎక్కడ పుట్టిందో ఆ తీరానికే వస్తుంది పాపం. దీపం చూస్తే బెదిరిపోతుంది."

పెద్దావిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఇసకలో కూలబడింది.

"అయ్యో అయ్యో! ఎంత పనైపోయింది మేస్టారూ! పురిటికొచ్చిన ఆడకూతుర్ని బొట్టెట్టి గుమ్మంలోంచే పంపేశామా!"

ఆ మాటతో మిగతా ఆడవాళ్ళందరూ బావురుమన్నారు. నిజంగా ఏడ్చారు. అంతవరకూ వాళ్ళ మీద ఎగిరిపడాలని ఉన్న నేనే పెద్దావిడని చెయ్యి పట్టుకుని లేపాను. మళ్ళీ వస్తుందా అని అడిగారు. రేపో ఎల్లుండో రావచ్చు, రాకపోవచ్చు, వేరేది రావచ్చు అని చెప్పారు మావయ్యగారు. ఆ రోజే తిరిగి వెళ్ళిపోవాల్సిన వాళ్ళు వెళ్ళలేదు. వ్యాను డ్రైవరు హారను కొట్టి కొట్టి అలిసిపోయాడు. "పురుడు పోసుకునేదాకా కదిలేది లేదు, నీకు తొందరైతే ఎల్లిపో బాబూ" అనేసింది పెద్దావిడ. ఊళ్ళో సత్రంలోనే ఉండిపోయారు. మేమూ ఇంటికి ఫోను చేసి ఆ ఊళ్ళోనే ఆగిపోయాం. మా వారు ఏమన్నారో ఇక్కడ రాయను.

మర్నాడు తెల్లవారుజామున మేం వెళ్ళేసరికి వాళ్ళందరూ మొగ దగ్గర వరసగా కూర్చుని ఉన్నారు. దీపం లేదు, మాట లేదు, గాజుల చప్పుడు కూడా రాకుండా చేతులు కొంగుల్లో చుట్టుకున్నారు. మేమూ వెళ్ళి కూర్చున్నాం. ఇంకా చీకటే. అలల నురుగు ఒక్కటే తెల్లగా తెలుస్తోంది. కాసేపటికి నా పక్కనున్నావిడ నా మోచెయ్యి గిల్లింది. వచ్చింది. నిన్నటిదో కాదో నాకు తెలియదు. పెద్దావిడ మాత్రం డిప్ప మీద పసుపు ఉందని తర్వాత ఒట్టేసి చెప్పింది. తిన్నగా మా ముందుకే వచ్చి, అరటిపండు విసిరితే అందేంత దూరంలో ఆగి, వెనక కాళ్ళతో ఇసక తవ్వడం మొదలుపెట్టింది.

ఆయనకి ఇసక చప్పుడు వినిపించింది. అటు తిరిగారు. కళ్ళు పెద్దవి చేశారు. తల కొంచెం పక్కకి వంచారు, పైకెత్తారు, కిందికి దించారు. ఏమీ లేదు. ఆ చీకట్లో ఆయనకి ఏమీ లేదు. ఇంత దగ్గర! పెద్దావిడకి విషయం అర్థమైంది. నా చెవిలో, "మేస్టారికి కనిపించట్లేదా అమ్మా? ఒక్క సెనం ఫోను లైటు వెయ్యి, చూసేత్తారు పాపం" అంది. నా చెయ్యి అప్పటికే బ్యాగులో ఉంది. జిప్పు చప్పుడు ఆయన విన్నారు. తడుముకుంటూ నా మణికట్టు దొరకబుచ్చుకుని గట్టిగా పట్టుకున్నారు.

"వద్దమ్మా. నేను చూస్తే అది పెట్టదు."

అంతే. చెయ్యి వదల్లేదు. ఇసక రివ్వున వచ్చి ఆయన పంచె మీద పడుతుంటే మొహం ముందుకి పెట్టి కూర్చున్నారు. దాని ఊపిరి మాకు వినిపిస్తోంది, బరువుగా, ఆగి ఆగి. దాంతోపాటు ఆయన ఊపిరి కూడా ఆగి ఆగి వస్తోంది. పెదాలు కదుల్తున్నాయి. ప్రార్థనో, ఇంకేమిటో. నాకు కళ్ళనీళ్ళు ధారగా కారిపోయాయి. చుట్టూ ఆడవాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకుని, పురిటి గది బయట కూర్చున్నట్టు కూర్చున్నారు. తూర్పున తెల్లబడేసరికి అది గుంట పూడ్చి, డిప్పతో ఇసక అదిమి, సముద్రంలోకి వెళ్ళిపోయింది.

ఎండొచ్చింది. ఆయన కుడి కంటికి జాడ కనిపించింది. ఆ జాడ వెంట నీళ్ళ దాకా నడిచి, వెనక్కొచ్చి, నా ఎదురుగా నుంచుని చిన్నపిల్లాడిలా అడిగారు.

"చెప్పమ్మా. మొత్తం చెప్పు. గుడ్డు పడేటప్పుడు తోక ఎలా పెట్టింది? కళ్ళు మూసిందా, తెరిచిందా? గుడ్డు తెలుపు ఏ తెలుపు?"

"చూడలేదు మావయ్యగారూ" అన్నాను.

"చూడకపోవడమేంటి? ఎదురుగా ఉంది కదా!"

"మిమ్మల్నే చూస్తూ కూర్చున్నానండీ."

ఆయన మొహం ఎర్రబడింది. అన్నేళ్ళలో నా మీద ఒక్కసారి గొంతు లేపని మనిషి, అంతమంది ముందు అరిచారు. "బుద్ధుందా నీకు? నా మొహంలో ఏముంది చూడ్డానికి? నాకు కనిపించదని తెలిసే కదా నిన్ను పక్కన కూర్చోబెట్టుకున్నది! నువ్వు చూసి చెప్తావనే కదా లైటు వద్దన్నది!" ఆడవాళ్ళు గుడ్లప్పగించి చూస్తున్నారు. పెద్దావిడ సర్దిచెప్పబోతే ఆవిడ మీదా కసిరారు. ఇంటికొచ్చే దారంతా తిడుతూనే ఉన్నారు. నేను ఏడుస్తూ, మధ్యలో నవ్వొచ్చి, బండి నడిపాను. ఇప్పటికీ నాది తప్పనుకోను. ఆ చీకట్లో ఆ మొహాన్ని వదిలేసి ఇంకేదో చూసేదాన్ని కాను నేను.

తర్వాత రెండు చలికాలాలు వెళ్ళాం. రెండోదానికి ఆయనకి ఎండ కూడా చీకటే. అయినా వచ్చేవారు. నేను చూసి చెప్పేదాన్ని, ఉల్లంకి పిట్టలూ నీటికుక్కలూ పీతల ఎరుపూ అన్నీ. తాబేలు మాత్రం మళ్ళీ రాలేదు. మూడో చలికాలానికి ఆయన లేరు.

ఇప్పుడు ఒక్కదాన్నే వెళ్తున్నాను. సరుగుడు తోట సగం సముద్రంలో కలిసిపోయింది, బాట కొంచెం లోపలికి జరిగింది. మొన్న మాఘంలో చూశాను. తెల్లవారాక వచ్చింది, మంచి వెలుగులో. కాళ్ళు చల్లబడేదాకా కదలకుండా కూర్చుని, కన్నార్పకుండా చూశాను. తోక కిందికి వంచి పెడుతుంది మావయ్యగారూ. కళ్ళు తెరిచే ఉంచుతుంది, నీళ్ళు కారుతూనే ఉంటాయి. గుడ్డు సున్నపు తెలుపు కాదు, అప్పుడే ఒలిచిన ముంజె తెలుపు, తడిగా. టీ బడ్డీ దగ్గర బండి తీసినప్పటినుంచీ ఇంటి గుమ్మం దాకా ఒక్కటీ వదలకుండా పైకే చెప్పుకుంటూ వచ్చాను. దారిలో పాలాయన సైకిలు ఆపి మరీ నాకేసి చూశాడు. చూస్తే చూడనీ.